గట్టు మనది, బలం వేరుది

(చదువుల కేంద్రంలో ఒక టీచరమ్మ చేసిన ప్రసంగం)

అక్కలారా! అన్నలారా! అవ్వలూ, అబ్బలూ!

పగలంతా కాయకష్టం చేసి వచ్చారు. ఇంత సంగటి తిని, పుస్తకం చేతబట్టుకుని ఇక్కడ కూర్చున్నారు. మీ సమయం విలువైనది. అందుకే పది సంగతులు చెప్పను. ఒక్కటే చెబుతాను.

ఈరోజు మన మాట "వేరు". రాయడానికి రెండే అక్షరాలు. కాయను చూస్తాం, ఆకును చూస్తాం. వేరును ఎవరూ చూడరు. అది మన్నులో ఉంటుంది. కానీ ఆ మన్ను మన చేనిలో నిలిచేది దాని వల్లనే.

ముందు ఒక చిన్న పని చేద్దాం. ఈ బల్ల మీద రెండు గాజు గ్లాసులు పెట్టాను. రెండింటిలోనూ నీళ్ళు ఉన్నాయి. రెండు మట్టిగడ్డలు కూడా తెచ్చాను. రెండూ మా చేనివే. రెండూ ఎర్రమన్నే. రెండూ బాగా ఎండినవే. ఒకటి దున్నిన చేని నడుమ నుంచి తెచ్చింది. రెండోది గరిక పట్టిన గట్టు మీద నుంచి తెచ్చింది. ముందు కూర్చున్న అక్కా, మీరు రండి. రెండింటినీ ఒకేసారి నీళ్ళలో వేయండి.

చూశారా? చేని గడ్డ చూస్తుండగానే కరిగిపోయింది. నీళ్ళు ఎర్రగా అయ్యాయి. అడుగున బురద మిగిలింది. గట్టు గడ్డ మాత్రం అట్లాగే ఉంది. నీళ్ళు కూడా దాదాపు తేటగానే ఉన్నాయి.

మన్ను ఒకటే. నీళ్ళు ఒకటే. మరి తేడా ఎక్కడుంది? ఆ గడ్డను విరిచి చూడండి. లోపల దారాల మాదిరి సన్నటి వేర్లు కనపడతాయి. అవే దాన్ని పట్టుకుని ఉన్నాయి.

ఈ సంగతి నేను పుస్తకంలో చదవక ముందే మా చేనిలో నేర్చుకున్నాను. నేర్చుకోవడానికి మా ఇంట్లో పెద్ద ఖరీదే కట్టాం. అది చెబుతాను.

మా చేనికి పడిన కోత

మాది మూడు ఎకరాల మెట్ట చేను. కాస్త వాలుగా ఉంటుంది. కింది పక్క అడ్డంగా గట్టు ఉంది. మనం గెనిమ అంటాం కదా, అదే. ఆ గట్టు మీద గరిక, బోదగడ్డి బాగా పట్టి ఉండేవి.

2021 ఎండాకాలంలో నేను టీటీసీ చదువుతున్నాను. సెలవులకు ఇంటికి వచ్చాను. గట్టు నిండా గడ్డి చూసి, "నాయనా, ఏంది ఈ గడ్డి? ఎలకలు చేరతాయి. శుభ్రంగా చెక్కేద్దాం" అన్నాను. నాయన సరే అన్నాడు. ఇద్దరం పారలు పట్టుకుని రెండు రోజులు గట్టంతా చెక్కినాం. గట్టు నున్నగా, ఎర్రగా తయారైంది. చూసి మురిసిపోయాను.

మా అవ్వకు అక్షరం రాదు. ఆమె వచ్చి చూసి, "అమ్మీ, గట్టుకు బట్ట తీసేస్తిరే" అనింది. నేను నవ్వినాను.

ఆ ఏడు శెనక్కాయ పెట్టాం. పంట పెరికాం. మీకు తెలుసు, శెనక్కాయను కోయరు. వేరుతో సహా పెరుకుతారు. పంట తీశాక చేనిలో వేరన్నది మిగలదు. మన్ను వదులై, పొడిగా, బరిబాతల ఉంటుంది. గట్టు మీద గడ్డిని మేం అప్పటికే చెక్కేశాం.

అప్పుడు నవంబరు వానలు వచ్చాయి. 2021 నవంబరు వానలు రాయలసీమలో ఎవరూ మరచిపోలేదు. ఒక్క రాత్రిలో మా గట్టుకు గండి పడింది. తెల్లవారి పోయి చూస్తే చేని నడుమ నుంచి గండి దాకా వంక మాదిరి కోత. నేను అందులో దిగితే నడుము దాకా వచ్చింది. పైమన్ను పోయింది. తెల్లటి గరుసు తేలింది. తర్వాతి ఏడు అక్కడ విత్తనం వేసినా మొలిచింది తక్కువ. నాయన ఆ ఏడు బెంగళూరికి కూలి పనికి పోయినాడు.

మా కింద ఉన్న చేను ఒక పెద్దమ్మది. ఆమె గట్టు మీద గడ్డి ఎప్పుడూ చెక్కలేదు. ఎనుముకు కావలసినంత కొడవలితో కోసుకునేది, అంతే. మా చేని మీదుగా వచ్చిన వరద ఆమె గట్టుకు తగిలింది. గట్టు అక్కడక్కడ కొంచెం జారింది. కానీ తెగలేదు. మా చేని మన్ను కొంత ఆమె చేనిలో మేట వేసింది.

ఆ రోజు మా అవ్వ ఒక్క మాట కూడా అనలేదు. ఆమె ఏమన్నా అని ఉంటే నాకు బాగుండేది.

వేరు చేసే పనులు నాలుగు

మొదటి పని: పట్టుకోవడం. మనం మట్టిగోడ పెట్టేటప్పుడు మన్నులో గడ్డి వేసి తొక్కుతాం. ఎందుకు? ఉత్త మన్ను బరువును మోస్తుంది. కానీ లాగితే విడిపోతుంది. గడ్డి పోచ దాన్ని విడిపోనీదు. సిమెంటులో ఇనుప కడ్డీలు వేసేది కూడా అందుకే. గట్టులో ఆ కడ్డీల పని వేర్లు చేస్తాయి. మనం కడ్డీ కొనాలి. వేరు తనంతట తానే పెరుగుతుంది.

రెండో పని: అంటించడం. వేరు కొనల నుంచి జిగురు వంటి పదార్థం ఊరుతుంది. ఆ జిగురు తిని మన్నులో కంటికి కనపడని సూక్ష్మజీవులు బతుకుతాయి. సన్నటి బూజు దారాలు అల్లుకుంటాయి. ఇవన్నీ కలిసి మన్ను రేణువులను చిన్న చిన్న గుళ్ళుగా అంటిస్తాయి. గ్లాసులో గట్టు గడ్డ కరగకపోవడానికి ఇది కూడా కారణం.

మూడో పని: నీళ్ళకు దోవ ఇవ్వడం. పాత వేర్లు కుళ్ళితే వాటి చోట సన్నటి గొట్టాలు మిగులుతాయి. వాన నీళ్ళు ఆ గొట్టాల గుండా లోపలికి ఇంకుతాయి. లోపలికి ఇంకిన నీరు తేమ అవుతుంది. పైన పారిన నీరు వరద అవుతుంది.

నాలుగో పని: పైనున్న గడ్డిని నిలబెట్టడం. వాన చినుకు మెత్తటిది అనుకుంటాం. పెద్ద చినుకు సెకనుకు సుమారు 9 మీటర్ల వేగంతో నేలను కొడుతుంది. గంటకు లెక్కిస్తే 30 కిలోమీటర్ల పైమాటే. ఊరిలో పోయే మోటారు సైకిలు వేగం అది! మీ ఇంటి గోడ అడుగున చూడండి. వానకు ఎగిరిన ఎర్రటి మరకలు ఉంటాయి. చినుకు కొట్టిన దెబ్బకు మన్ను అంత ఎత్తు ఎగురుతుంది. గడ్డి ఉంటే ఆ దెబ్బ ఆకు మీద పడుతుంది. పారే నీరు గడ్డి మొదళ్ళకు తగిలి నెమ్మదిస్తుంది. నెమ్మదించిన నీరు మోసుకొచ్చిన మన్నును అక్కడే వదిలేస్తుంది.

"ఇంత సన్నటి వేర్లకు అంత బలమా?" అని అడగవచ్చు. బలం లెక్కలో ఉంది. 1937లో అమెరికాలో డిట్మర్ అనే శాస్త్రవేత్త ఒక పని చేశాడు. గోధుమకు దగ్గర జాతి అయిన రై అనే మొక్కను ఒక పెట్టెలో పెంచాడు. పెట్టె అడుగు పొడవు, అడుగు వెడల్పు, రెండు అడుగులకు తక్కువ లోతు. నాలుగు నెలల తర్వాత మన్ను కడిగి వేర్లన్నీ కొలిచి లెక్క కట్టాడు. ఒక్క మొక్క వేర్లు వరుసగా పరిస్తే 600 కిలోమీటర్లకు పైగా తేలాయి! అనంతపురం నుంచి హైదరాబాదు దాదాపు 360 కిలోమీటర్లు. అక్కడికి పోయి, తిరుగు దారిలో సగానికి పైగా వచ్చినంత దూరం. అదంతా ఒక్క మొక్క అల్లిన అల్లిక.

పోయిన మన్ను ఎంత?

ఇప్పుడు పలకలు తీయండి. ఒక లెక్క చేద్దాం.

ఒక ఎకరా అంటే సుమారు 4,047 చదరపు మీటర్లు. చేని మీద నుంచి ఒక మిల్లీమీటరు మందం మన్ను పోయిందనుకుందాం. ఒక మిల్లీమీటరు అంటే ఏటీఎం కార్డు కంటే కాస్త మందం, అంతే. కంటికి ఆనదు. కానీ ఎకరాకు అది 4 ఘనపు మీటర్ల మన్ను. బరువు సుమారు 6 టన్నులు. అంటే 6,000 కిలోలు. ఒక ట్రాలీకి 3 టన్నులు వేసుకుంటే రెండు ట్రాలీలు.

ఎవరైనా రాత్రిపూట వచ్చి మన చేని నుంచి రెండు ట్రాలీల మన్ను ఎత్తుకుపోతే ఊరుకుంటామా? పంచాయితీ పెట్టమా? వాన ఎత్తుకుపోతే మాత్రం మనకు తెలియను కూడా తెలియదు.

ఆ మన్ను ఎక్కడికి పోతుంది? వంకలో పడి చెరువుకు చేరుతుంది. చెరువు పూడుతుంది. నీళ్ళు తక్కువ పడతాయి. ఎండాకాలంలో మనమే ట్రాక్టరు బాడుగ ఇచ్చి, చెరువు మన్ను చేనికి తోలుకుంటాం. అందులో మన చేని మన్ను ఎంత ఉందో ఆలోచించండి. సెంటీమీటరు మన్ను తయారు కావడానికి ప్రకృతికి వందల ఏళ్ళు పడుతుంది. పోవడానికి కొన్ని వానలు చాలు.

నీళ్ళే కాదు, గాలి కూడా మన్నును మోసుకుపోతుంది. మన జిల్లాలోనే కణేకల్లు, బొమ్మనహాళ్ మండలాల వైపు వేదవతి నది ఇసుక గాలికి లేచి పొలాల మీద దిబ్బలు పడింది. గడ్డీ చెట్టూ లేని చోట ఇసుకను ఆపేవాళ్ళు లేరు.

మనం చేయగలిగింది

2006 ఫిబ్రవరి 2న నార్పల మండలం బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం మొదలైంది. అది మన జిల్లా ఊరే. ఆ పథకం కింద మీరంతా గట్లు పోశారు, కందకాలు తవ్వారు. చెమట మీది. మరి ఆ గట్లు ఇప్పుడు ఎన్ని నిలిచి ఉన్నాయి? గడ్డి పట్టిన గట్లు నిలిచాయి. ఉత్త మన్ను గట్లు అరిగిపోయాయి. గట్టు పోయడంతో పని సగమే అయినట్టు. గడ్డి పట్టిస్తేనే పూర్తి అయినట్టు.

అందుకు నాలుగు మాటలు చెబుతాను.

ఒకటి. గట్టు మీద గడ్డిని కోయండి, చెక్కకండి. కొడవలితో కోస్తే వేరు మిగులుతుంది. మళ్ళీ చిగురిస్తుంది. పశువులకు మళ్ళీ మేత వస్తుంది. పారతో చెక్కితే వేరు కూడా పోతుంది. దీనికి ఒక్క పైసా ఖర్చు లేదు. చేను కౌలుకు చేసేవాళ్ళు కూడా ఈ పని చేయవచ్చు.

రెండు. కొత్త గట్టు మీద వట్టివేరు నాటండి. ఎండాకాలంలో వట్టివేరు తడికలు కట్టి నీళ్ళు చల్లుతారే, ఆ గడ్డే. దాని వేర్లు పక్కలకు పాకవు. నిటారుగా లోపలికి దిగుతాయి. మన్ను అనుకూలిస్తే మూడు మీటర్ల లోతు దాకా పోతాయి. ఆ వేరును లాగి పరీక్షించారు. అంతే మందం ఉన్న మామూలు ఉక్కు బలంలో సుమారు ఆరో వంతు బలం దానిది. కర్ణాటకలో మైసూరు దగ్గర గుండ్లుపేట రైతులు తరతరాలుగా దీన్ని చేని హద్దుల్లో పెంచుతున్నారు. తొలకరిలో పిలకలు తెచ్చి, వాలుకు అడ్డంగా ఒకే వరుసలో నాటాలి. పిలకకూ పిలకకూ మధ్య బెత్తెడు దూరం ఉంటే చాలు. చచ్చిన చోట మళ్ళీ నాటాలి. వరుసలో సందు ఉంటే నీరు ఆ సందులోనే దూరుతుంది. ఒక జాగ్రత్త ఉంది. వట్టివేరును కొందరు నూనె కోసం తవ్వి అమ్ముతారు. గట్టు మీది వేరును మాత్రం తవ్వకూడదు. తవ్వితే మన గట్టును మనమే తెంపుకున్నట్టు.

మూడు. శెనక్కాయను ఒంటరిగా పెట్టకండి. ఏడు సాళ్ళ శెనక్కాయకు ఒక సాలు కంది వేయండి. వాలుకు అడ్డంగా వేయండి. కంది తల్లివేరు లోతుకు పోతుంది. శెనక్కాయ పెరికిన తర్వాత కూడా కంది చేనిలోనే ఉంటుంది. వెనక వానలు వచ్చినప్పుడు మన్నుకు ఆ సాళ్ళే దిక్కు. కొర్ర, సజ్జ కోసినప్పుడు మోళ్ళు పెరకకుండా వదలండి.

నాలుగు. చెరువు కట్ట సంగతి వేరు. కట్ట మీద గడ్డి మంచిది. పెద్ద చెట్లు మంచివి కావు. చెట్టు చచ్చిపోతే దాని లావు వేర్లు కట్ట లోపల కుళ్ళుతాయి. గొట్టం మాదిరి బొక్క పడుతుంది. నీరు దాని గుండా కారి కట్టనే తెంపవచ్చు. గాలికి చెట్టు కూలితే కట్ట మన్నును కూడా పెకలిస్తుంది. అందుకని కట్ట మీద మొక్క చిన్నగా ఉన్నప్పుడే తీసేయాలి. ఇప్పటికే పెద్దదైన చెట్టు ఉంటే తొందరపడి పెరకవద్దు. చెరువులు చూసే ఇంజనీరును అడిగి చేయాలి. వేప, కానుగ, చింత, సీతాఫలం వంటి చెట్లకు కొండవాలు, బంజరు, వంక గట్లు తగిన చోట్లు.

మీరు అడిగిన ప్రశ్నలు

ఇక్కడికి వచ్చే ముందే కొందరు నన్ను అడిగారు.

"గడ్డి ఉంటే పాములు చేరవా?" అని ఒక అక్క అడిగింది. గుబురుగా వదిలేస్తే చేరతాయి. అందుకే జానెడున్నర ఎత్తుకు కోస్తూ ఉండాలి. కోసే ముందు కర్రతో తట్టాలి.

"మేకలు మిగలనిస్తాయా?" అని ఒక అబ్బ అడిగినాడు. ముదిరిన వట్టివేరు ఆకును మేకలు అంతగా ముట్టవు. లేత చిగురును తింటాయి. కాబట్టి మొదటి ఏడు కాపలా కావాలి. ఒక్కరు కాస్తే కుదరదు. ఊరంతా ఒక మాట మీద ఉండాలి.

"పంటకు పోటీ కాదా?" అని ఒక అన్న అడిగినాడు. గట్టు పక్క సాలు కొంచెం తగ్గవచ్చు. ఆ ఒక్క సాలు చూసుకోవాలా, చేనంతా చూసుకోవాలా? మా ఇంట్లో జరిగింది విన్నారు. మీరే లెక్క వేయండి.

"వేర్లు ఉంటే గట్టు ఎప్పటికీ తెగదా?" అని కూడా అడిగారు. అట్లా చెప్పలేను. వరద గట్టు మీదుగా పొర్లితే, ఎంత గడ్డి ఉన్నా కష్టమే. గట్టుకు తగిన ఎత్తు ఉండాలి. నీరు పోవడానికి రాళ్ళు పరిచిన మరవ ఉండాలి. వేరు మనకు తోడు. మన పని మనం చేస్తేనే ఆ తోడు పనికొస్తుంది.

చివరగా

2022 తొలకరిలో నాయనా నేనూ మళ్ళీ గట్టు పోశాం. కింది చేని పెద్దమ్మ దగ్గర గరిక, బోద పిలకలు అడిగి తెచ్చుకున్నాం. వట్టివేరు కూడా నాటాం. మొదటి ఏడు సగం చచ్చిపోయాయి. రెండో ఏడు సందుల్లో మళ్ళీ నాటాం. అప్పటి నుంచి గట్టు తెగలేదు. కోతకు అడ్డంగా రాళ్ళు పేర్చాం. దాని వెనక మన్ను చేరుతోంది. కానీ ఆ కోత ఇంకా పూర్తిగా పూడలేదు. రెండు రోజుల్లో చెక్కిన గడ్డికి ఇన్ని ఏళ్ళ పని పడింది.

మా అవ్వకు తెలిసింది నాకు తెలియలేదు. ఆమెకు రాయడం రాదు కాబట్టి ఆ తెలివి ఏ పుస్తకంలోకీ ఎక్కలేదు. మీకు ఇప్పుడు రాయడం వచ్చింది. మీ ఇంట్లో పెద్దవాళ్ళను అడగండి. ఏ గడ్డి గట్టును పట్టుకుంటుంది? ఏ వంక ఎప్పుడు కోసింది? మీ నోటుబుక్కులో రాయండి.

ఈ ఎండాకాలంలో ఊరి గట్లు బాగుచేయాలని అనుకుంటున్నారు. గ్రామసభలో ఒక అర్జీ పెడదాం. "గట్టు పోసిన చోటల్లా గడ్డి కూడా నాటించాలి" అని రాద్దాం. ఒకే వాక్యం. మీరే రాయండి. కింద మీరే సంతకం చేయండి.

వాన మన చేతిలో లేదు. పార మన చేతిలో ఉంది. గట్టు మీద గడ్డి కనపడినప్పుడు ఆ పారను పక్కన పెట్టి, కొడవలి తీసుకోండి.



చర్చించండి

1. మీ చేనిలో గండి ఎప్పుడైనా పడిందా? అప్పుడు గట్టు మీద గడ్డి ఉందా?

2. ఒక ఎకరా నుంచి ఒక మిల్లీమీటరు మన్ను పోతే 6 టన్నులు. మూడు ఎకరాల నుంచి పోతే ఎన్ని టన్నులు? ఎన్ని ట్రాలీలు?

3. చెరువు కట్ట మీద గడ్డి ఎందుకు మంచిది? పెద్ద చెట్టు ఎందుకు మంచిది కాదు?

4. రెండు మట్టిగడ్డలు, రెండు గ్లాసుల పరీక్ష ఇంట్లో చేయండి. చూసింది మూడు వాక్యాల్లో రాయండి.